జరీ చొక్కా, డిస్కో కప్పు

ఎనభైల మొదట్లో మేం అమెరికాలో, ఎడిసన్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. అమెరికా వాళ్ళ పెద్ద సంగీత అవార్డుల్లో డిస్కో పాటలకని కొత్త విభాగం పెట్టారని పేపర్లో వచ్చింది. అంతే, మా తెలుగు సంఘానికి పూనకం వచ్చింది. ఉగాది పాటల పోటీలో శాస్త్రీయం, లలితం, భక్తి పక్కన డిస్కో కూడా ఉండి తీరాలన్నారు. మా సంఘంలో ఏదైనా తీర్మానం కావాలంటే ముందు నాలుగిళ్ళలో భోజనాలు జరగాలి. అవి జరిగేసరికి ఏడాది గడిచిపోయింది.

మావారికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. మా అత్తగారు సంగీతం పాఠాలు చెప్పిన మనిషి. కొడుకు నోరు తెరిస్తే పల్లవి సగంలోనే చెయ్యెత్తి "చాలు నాయనా" అనేవారట. ఉద్యోగం వచ్చి, పెళ్ళయి, జుట్టు పల్చబడినా ఆయన పాట ఆవిడ చివరిదాకా విన్న పాపాన పోలేదు. ఆ ఏడు ఆవిడ మా దగ్గర ఆర్నెల్లు ఉండటానికి వచ్చారు.

"డిస్కోకి రాగం ఏమిటని అడగరు కదా. అమ్మ అందరి మధ్యా కూర్చుంటుంది. మధ్యలో ఆపడానికి ఉండదు" అన్నారు మావారు.

నాకు జాలేసింది. జాలేసి, నా పెళ్ళి పట్టుచీర జరీ అంచు కత్తిరించి ఆయనకి చొక్కా కుట్టాను. ఆ చీర తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

పోటీ రోజున స్కూల్ ఆడిటోరియం గుమ్మంలోనే సంఘం సెక్రటరీ ఎదురొచ్చాడు.

"సారీ అండీ. ఆ అమెరికా అవార్డుల్లో డిస్కో కేటగిరీ ఒక్క ఏడాదికే డ్రాప్ చేసేశారట. మనం కంటిన్యూ చేస్తే బాగుండదని కమిటీ డిసైడ్ చేసింది."

"వాళ్ళు తీసేస్తే మనకేంటండీ? వాళ్ళేమైనా మన ఉగాది పచ్చడి తినడానికొస్తున్నారా?" అన్నాను.

"పెట్టింది వాళ్ళని చూసే కదమ్మా."

అక్కడ తుమ్మితే ఇక్కడ చీదే రకం.

డిస్కో పోయింది గానీ కప్పు మిగిలిపోయింది. దాని మీద 'ఉత్తమ డిస్కో' అని ఇంగ్లీషులో చెక్కించేశారు, పారేయలేరు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళని వేదికెక్కించి ఏదో ఒకటి చేతిలో పెట్టకుండా పంపడం మా సంఘానికి ఇంటావంటా లేదు. మా అత్తగారు ఓ మంగళహారతి పాడారు. ఆవిడకి శాలువా కప్పి, ఉత్తమ డిస్కో కప్పు చేతికిచ్చారు. జరీ చొక్కాలో నిలబడి మావారే ఫొటో తీశారు.

కారులో నాకు ఒళ్ళు మండిపోతోంది. ఇంటికొచ్చాక అత్తగారు కప్పు ఒళ్ళో పెట్టుకుని సోఫాలో కూర్చుని, దాని మీది అక్షరాలు నాచేత చదివించుకున్నారు.

"ఇది నీ పోటీ కప్పేనట్రా? అయితే పాడు, విందాం" అన్నారు.

ఆయన టేప్‌రికార్డర్ పెట్టి కార్పెట్ మీద పాడారు. నడుం తిప్పారు. కాఫీ టేబుల్ తగిలి కుంటుతూ పాడారు. అత్తగారు తొడ మీద ఆది తాళం వేస్తున్నారు. పల్లవి సగానికొచ్చింది. నేను ఆవిడ చేతివంకే చూస్తున్నాను. 'చాలు' అంటూ ఆ చెయ్యి లేవలేదు, తాళం వేస్తూనే ఉంది.

పాటయ్యాక ఆవిడ లేచి, "రెండో చరణంలో తాళం తప్పావు" అని, కప్పు పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయారు.

నేను ఓదార్చబోయాను. ఆయన మొహం వెలిగిపోతోంది.

"అమ్మ రెండో చరణం దాకా వింది" అన్నారు.