దసరాకు నింపిన ట్యాంకు

పోయిన దసరాకు మా చిన్న జనరేటర్‌కి ఆయుధపూజ చేశాను. పండగపూట ఖాళీగా ఉండకూడదని ట్యాంకు నిండా పెట్రోల్ పోసి, దుప్పటి కప్పి మెట్ల కింద పెట్టాను. మళ్లీ ముట్టుకోలేదు.

ఈ సాయంత్రం గాలివానకి ఎల్బీనగర్‌లో మా వీధంతా కరెంటు పోయింది. పైన అద్దెకుండే యాదమ్మ పరుగున దిగి వచ్చింది.

"అన్నా, మా అత్తకు ఊపిరాడ్తలేదు. మందు పీల్చే మిషన్ నడుస్తలేదు. జర జనరేటర్ పెట్టుండ్రి."

తాడు ఎంత లాగినా ఇంజను అందుకోలేదు. మూత తీస్తే పాత వార్నిష్ వాసన. ఇన్నాళ్లు నిల్వ ఉండి పెట్రోల్ పాడైపోయింది. ఆ వానలోనే పెద్దావిడని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఇప్పుడు తేరుకుంది.

తిరిగొచ్చాక యాదమ్మ, "మా కోసం మస్తు తిప్పలు పడ్డరన్నా" అంది. తలెత్తి చూడలేకపోయాను.

పూజ చేసి, ట్యాంకు నింపి మూలన పెట్టే అలవాటు మీకూ ఉందా? మా జనరేటర్ మీద బొట్టు మాత్రం ఇంకా చెక్కుచెదరలేదు.