మునవ్వర్ సార్ ఇప్పించే మైలో

కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఎవరుండాలో నిర్ణయించేది హెడ్ కోచ్ క్వెక్. చోటు దక్కనివాళ్లకు ఆ మాట చెప్పాల్సింది మాత్రం మునవ్వర్. అసిస్టెంట్ కోచ్ అంటే బంతులకు గాలి కొట్టడం, బెణికిన కాళ్లకు పట్టీలు కట్టడం అనుకుంటారు గానీ, మునవ్వర్‌కు ఏళ్లు గడిచేకొద్దీ ఇదే అసలు ఉద్యోగమైపోయింది. క్వెక్ మంచివాడే. కానీ ఏడుపు ఆపుకుంటున్న కుర్రాడి ముఖం చూడలేడు.

మునవ్వర్ దీనికొక పద్ధతి పెట్టుకున్నాడు. కుర్రాణ్ని క్యాంటీన్‌కు తీసుకెళ్లి చల్లటి చాక్లెట్ పానీయం మైలో ఇప్పించేవాడు. గ్లాసు సగమయ్యేదాకా ఇంటి సంగతులు అడిగి, అప్పుడు సూటిగా చెప్పేవాడు. ఆశ పెట్టేవాడు కాదు, తొందరపడి లేచేవాడూ కాదు. కొన్నాళ్లకు గుట్టు బయటపడింది. ఎవరినైనా మైలోకి పిలిస్తే చాలు, జట్టంతా ఆ దేశపు యాసలో మాట చివర 'లా' తగిలించి గొల్లున నవ్వేది.

"అయ్యో, నీ పని ఫినిష్ లా!"

ఒకసారి చక్రధర్ అనే తెలుగు కుర్రాడు క్యాంటీన్ ముందే ఆగిపోయాడు.

"అంకుల్, నాకు మైలో వద్దు. నీళ్లు తాగుతా. అప్పుడు టీమ్‌లో ఉంచుతారా?"

మునవ్వర్‌కు నవ్వొచ్చింది, అయినా చెప్పాల్సింది చెప్పాడు. ఆ రోజు మైలో తనే తాగాడు.

మునవ్వర్‌ది హైదరాబాదు పక్క బొలారం. అక్కడ ఒక బ్యాంకు జట్టుకు ఆడుతూ మోకాలు పాడుచేసుకున్నాడు. భార్య జాహిదాకు సైన్స్ పార్క్‌లో ప్రోగ్రామర్ ఉద్యోగం వస్తే, ఆమె వెంట దేశం దాటి వచ్చి యూ టీ అనే పేటలో కాపురం పెట్టాడు. ఊరూవాడా కంప్యూటర్ వెంట పరుగెత్తుతున్న కాలమది. ఎవరింటికి దావత్‌కు వెళ్లినా, జాహిదా ఆఫీసులో పనిచేసే మొహ్సిన్ వదిలేవాడు కాదు.

"ఇంకెన్ని దినాలు అసిస్టెంటు, భాయ్? జావా నేర్చుకోరాదూ! మా బామ్మర్ది బీకాం. వాడే నేర్చుకున్నడు."

మునవ్వర్ బిర్యానీలోకి తల వంచుకునేవాడు.

రెండువేల సంవత్సరంలో క్వెక్ రిటైరవుతున్నాడని తెలిసింది. ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ మునవ్వర్ తనంతట తానే అన్నాడు.

"హెడ్ కోచ్ ఈసారి నాకే ఇస్తరు. ఇయ్యకపోతే బంతి బంద్. సెరంగూన్ బజార్ల జావా క్లాసుకు పోత."

"నేనడగలేదు జీ ఈ మాట," అంది జాహిదా.

"నేనే ఇస్తున్న."

కూతురు జారా పుస్తకంలోంచి తలెత్తింది. "డోంట్ ప్రామిస్ లా, పాపా! మీరు రియల్లీ చేసేస్తారు!"

సీజన్ ఆఖరి ప్రాక్టీసు అయ్యాక క్వెక్ గోల్‌పోస్టు దగ్గరికి వచ్చాడు. బూటు లేసులకేసి చూస్తూ మాట్లాడాడు.

"కొత్త హెడ్ కోచ్ వస్తున్నాడు, మునవ్వర్. యూరప్‌లో లైసెన్సు తీసుకున్నవాడు. కుర్రాళ్లకు నువ్వే చెప్పు. నువ్వు చెబితే బాగా తీసుకుంటారు లా."

తన సంగతి చెప్పడం కూడా ఆ ముక్కలోనే అయిపోయిందని మునవ్వర్‌కు మెల్లగా అర్థమైంది.

"మరి నేను?"

"నువ్వు అసిస్టెంట్‌వే. నిన్నెవరూ కదపరు."

కుర్రాళ్లను గడ్డి మీద కూర్చోబెట్టి చెప్పాడు. వెనక నుంచి ఒకడు అడిగాడు, "మీరెందుకు కాదు, కోచ్?"

"నన్ను తీసుకోలేదు."

ఎవరూ నవ్వలేదు.

ఇంట్లో జాహిదా ముఖం చూడగానే గ్రహించింది. "నక్కో జీ, వదలకండి. అసిస్టెంట్‌గనే ఉండండి. మీరన్న మాట నాకు యాదే లేదు."

"నాకుంది."

ఇంకొక్కసారి గట్టిగా వద్దని ఉంటే ఆగేవాడేమో. ఆమె మాత్రం ఆయన మాటకు విలువివ్వాలనుకుంది.

కాలేజీ ఉద్యోగం మానేసి, ఇరవై ఏళ్ల పిల్లల పక్కన కూర్చుని మునవ్వర్ జావా నేర్చుకున్నాడు. చిన్న కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం దొరికింది. మొహ్సిన్ భుజం తట్టి, "ఇప్పుడు మనిషివైనవ్, భాయ్!" అన్నాడు. ఏడాది తిరక్కుండానే ఇంటర్నెట్ కంపెనీల డాట్‌కామ్ పొంగు చల్లారి కంపెనీకి తాళం పడింది.

ఏదైనా పని దొరక్కపోతుందా అని మళ్లీ కాలేజీకి వెళ్లాడు. అసిస్టెంట్‌గా ఎవరో కొత్తతను ఉన్నాడు. కొత్త హెడ్ కోచ్ మర్యాదగానే చేయి కలిపి, ఖాళీ లేదని పంపేశాడు. తిరిగి వస్తుంటే, నోటీసు బోర్డు మీద అంటించిన జట్టు పేర్లను ఒక కుర్రాడు పైనుంచి కిందికి చదివి, మళ్లీ పైనుంచి మొదలుపెడుతున్నాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు.

మునవ్వర్ వాడి వైపు నడిచాడు. కుర్రాడు ఉలిక్కిపడి, కళ్లు తుడుచుకుని తిరిగి చూశాడు.

"ఆఫీసుకా, అంకుల్? అటు వైపు," అని చెయ్యి చూపించి, సంచీ భుజాన వేసుకుని గబగబా వెళ్లిపోయాడు.

గేటు దగ్గర కాపలాదారు విజిటర్ బ్యాడ్జి ఇమ్మని చేయి చాపాడు. చొక్కాకున్న ఆ బ్యాడ్జిని ఊడదీయడానికి మునవ్వర్‌కు కొంచెం సేపు పట్టింది.