మంచి ఎదురు

పొద్దున్న మా ఎదురింటావిడ గేటు దగ్గరకొచ్చి, "అన్నయ్యగారూ, మా బుడ్డిదానికి పరీక్షండి. కాస్త నిండు బిందె పట్టుకుని ఎదురు వస్తారా?" అంది. ఏడో తరగతితోనే బడికి దణ్ణం పెట్టేసినవాణ్ణి చదువుకి శకునంగా పిలిచిన ఆవిడ ధైర్యాన్ని మెచ్చుకున్నాను గానీ, బిందె అందుకోవడానికి మాత్రం చెయ్యి రాలేదు. మా మేనకోడలు గుర్తొచ్చింది.

ఆ పిల్ల ఇంటర్‌లో ఉండగా మా అక్కావాళ్ళింట్లో రోజూ ఇదే తంతు. మా అమ్మ ముందుగా వీధిలోకి తొంగిచూసి, ముత్తైదువ ఎవరైనా వస్తుంటే సైగ చేసేది. అప్పటిదాకా పిల్ల బ్యాగు తగిలించుకుని గుమ్మంలో నిలబడాలి. ఎవరైనా తుమ్మారో, వెనక్కొచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ లేవాలి. మా బావకి జలుబు చేసిన వారం ఆ పిల్ల తాగిన నీళ్ళు పోస్తే పెరట్లో కొబ్బరిచెట్టు బతికేది. మేమంతా నవ్వుకుంటూ ఉండగానే పిల్లకి పొద్దుటిపూట కడుపునొప్పి మొదలైంది. వాము నమిలించారు, దిష్టి తీశారు. తిండీ నిద్రా తగ్గాయి, కాలేజీకి నాగాలు పెరిగాయి. హాజరు చాలకపోతే పరీక్ష రాయనివ్వం అని కాలేజీ నుంచి ఫోనొచ్చింది.

ఆ మర్నాడు నేనక్కడే ఉన్నాను. సందు చివర బస్సు హారన్ కొడుతోంది. మంచి ఎదురే వచ్చింది, అమ్మ సైగా చేసింది. పిల్ల కదల్లేదు. రెండు చేతులతో ద్వారబంధం పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఏంటే, గుమ్మానికి జిగురు రాశారా?" అన్నాను. నేను తప్ప ఎవరూ నవ్వలేదు. దాని చేతులు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి.

"ఊపిరాడట్లేదు మావయ్యా. బయట ఏదో అయిపోద్ది."

"ఏమవుద్దే?"

"ఏమీ అవకపోతే మీరంతా రోజూ ఇలా కాపలా ఎందుకు కాస్తారు?"

నేనే సందు చివరికెళ్ళి బస్సుని పొమ్మని చెప్పొచ్చాను.

రాజమండ్రిలో పిల్లల మనసు చూసే డాక్టరమ్మగారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఇది వేషాలూ కాదు, గాలీ కాదు, ఆందోళన అన్నారావిడ. భయపడ్డప్పుడల్లా వెనక్కి తెస్తుంటే ఆ భయమే నిజమని పిల్ల నమ్ముతుందనీ, కొంచెం కొంచెం దూరం తీసుకెళ్ళి, తగ్గేదాకా అక్కడే తోడుండమనీ చెప్పారు. "మంచికేగా చేశాం" అని మా అమ్మ కళ్ళొత్తుకుంది. వీధిలోకి తొంగిచూడటం మాత్రం మానేసింది.

ముందు గేటు దాకా, తర్వాత సందు మలుపు దాకా అలవాటు చేశాం. ఓ రోజు మలుపులో పిల్లి అడ్డొచ్చింది. పిల్ల నా చెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుంది. దాని సంగతేమో గానీ, ముందు నేనే వెనక్కి తిరిగాను.

"ఇంటికెళ్ళిపోదామేంటే?"

"ఉండు మావయ్యా. తగ్గుద్ది."

కళ్ళు మూసుకుని నిలబడింది. బస్సు వెళ్ళిపోయింది. ఎండ గోడ దిగి మా పాదాల మీదకొచ్చింది. అప్పుడు నా చెయ్యి వదిలి తనే ఆటో పిలిచింది.

పరీక్షలు రాసింది. భయం ఇప్పటికీ అప్పుడప్పుడూ వచ్చి పోతుందట, అందుకే ఎదురింటావిడ బిందె నేనందుకోలేదు. ఆ రోజు పిల్లతో ఆ మలుపులో నిలబడితే లోకమంతా ఆగిపోయిందనుకున్నాను గానీ, కాలం ఏ ఎదురూ చూసుకోకుండా మమ్మల్ని దాటుకుని వెళ్తూనే ఉంది.