అక్క చేతిలో మాయమైన గుడ్డ

అక్క షెడ్డులో కిటికీ గట్టు నిండా ప్లాస్టిక్ గ్లాసులే. ఒక్కోదాని అడుగున గట్టిపడిన రెసిన్, అందులో చిక్కుకుపోయిన ఫైబర్‌గ్లాస్ గుడ్డ, అంటే గాజు పోగుల గుడ్డ ముక్క. కొన్ని తేనెలా నిగనిగలాడతాయి. కొన్నింటిలో గుడ్డ అసలు తడే తగలనట్టు తెల్లగా, బిరుసుగా ఉంటుంది. ఏ పడవకైనా పగిలినచోట అతుకులా మాటు వేసే ముందు చిన్న ముక్క ముంచి చూడటం ఆమె అలవాటు.

"గుడ్డకీ రెసిన్‌కీ సంబంధం కుదిరిందో లేదో గ్లాసులోనే తేలిపోవాలి, పడవ మీద కాదు" అంటుంది.

రేవులో అందరూ ఆమెను గాజక్క అని పిలుస్తారు. ఈ పని ఆమెకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. భర్త పడవలకు రంగులు వేస్తుంటే పక్కన నిలబడి చూసింది, అతను పోయాక పాడు చేసుకుంటూ నేర్చుకుంది. మొదటిసారి వేసిన మాటు ఎంతకీ ఆరక, కొంగు అంటుకుపోయి, చివరికి కత్తెరతో కోసుకుని బయటపడింది. ఇన్ని పడవలు బాగుచేసినా ఇంతవరకు ఒక్కటీ ఎక్కలేదు. నీళ్లంటే భయం. ఎవరైనా ఆటపట్టిస్తే, "నీళ్లని లోపలికి రానివ్వకపోవడమే నా పని. నేను నీళ్లలోకి పోవడమెందుకు?" అని నోరు మూయిస్తుంది.

తమ్ముడు పడవ నడుపుతాడు. పొద్దున్నే అవతలి ఒడ్డు బడికి పిల్లల్ని చేరవేయడం అతని పని. అతనికి ఆ గ్లాసులు ఎప్పుడూ నవ్వులాటే. "టీ పోసేందుకు ఒక్క గ్లాసు మిగల్చదు మా అక్క" అనేవాడు. పడవ చెడితే షెడ్డు ముందు పడేసి పోవడం, బాగయ్యాక వచ్చి తీసుకెళ్లడం. మధ్యలో ఏం జరిగేదో ఏనాడూ నిలబడి చూసింది లేదు.

కూతురి కాన్పుకని అక్క వేరే ఊరు వెళ్లినప్పుడే అతని పడవ రాతిమెట్ల అంచుకు గుద్దుకుంది. ముందు బల్ల కింద, నీటి మట్టానికి దిగువన, అరచేయంత కన్నం పడింది. పిల్లలకు పరీక్షలు దగ్గరపడ్డాయి. అక్క వచ్చేదాకా ఆగలేక తనే మాటు వేసి, పైన నీలం రంగు కొట్టాడు. ఎక్కడ పగిలిందో కనిపెట్టలేనంత నున్నగా వచ్చింది. తెల్లారితే పడవ నీళ్లలోకి దించాలి.

ఆ సాయంత్రమే అక్క ఊరి నుంచి దిగింది. సంచి కింద పెట్టకముందే ఆమెను పడవ దగ్గరికి లాక్కెళ్లాడు.

"చూడక్కా! ఇక నీ షెడ్డు మూసెయ్యొచ్చు."

అక్క చూడలేదు. సంచిలోంచి రూపాయి బిళ్ల తీసి పడవ పొడవునా కొట్టుకుంటూ వచ్చింది. టంగ్, టంగ్ అంటూ వచ్చిన మోత మాటు దగ్గర డబ్ మంది. మళ్లీ కొట్టింది. మళ్లీ డబ్.

"ఏం పోశావురా?"

"ఎపాక్సీ రెసిన్. షాపులో అన్నిటికంటే ఖరీదైంది."

"గుడ్డ?"

"నీ షెల్ఫులోదే, మ్యాట్. మందంగా ఉంటే బలం కదా?"

"గ్లాసులో ముంచి చూశావా?"

"పరీక్షలు పిల్లలకే అక్కా, నాకు కాదు."

ఆమె నవ్వలేదు. పలచటి ఉలి తెచ్చి మాటు అంచు కింద దూర్చి పైకి లేపింది. అంతే, మాటు మొత్తం డబ్బా మూతలా ఒక్కసారిగా ఊడి చేతిలోకి వచ్చింది. వెనుక తెల్లటి పొడి పోగులు. వేళ్లతో పీకితే రాలిపోతున్నాయి.

తమ్ముడు కన్నంలోంచి లోపలికి చూశాడు. ఆ ముందు బల్ల మీదే రోజూ అందరికంటే చిన్నపిల్ల కూర్చుంటుంది, కాళ్లు ఆడిస్తూ. అతను ఇసుకలో చతికిలబడ్డాడు.

"లేరా, కూర్చుంటే పని కాదు" అంది అక్క. "నీ రెసిన్ మంచిదే, మ్యాట్ కూడా మంచిదే. ఒకదానికొకటి పడవు, అంతే. మ్యాట్ నేసింది కాదు, అందులో పోగుల్ని జిగురు పట్టి ఉంచుతుంది. నేను వాడే ఘాటు వాసన రెసిన్ ఆ జిగుర్ని కరిగిస్తుంది. నీది కరిగించదు. కరగకపోతే పోగు విడదు, తాగదు, వంపుకు ఒదగదు. ఎపాక్సీకి జిగురు లేని నేత గుడ్డ కావాలి."

"మరి నువ్వు అన్నీ చెప్పకుండా ఊరెళ్తే ఎలా?"

"నువ్వు ఏనాడైనా చూస్తే కదరా చెప్పడానికి!"

ఈసారి చూశాడు. ఆమె కన్నం చుట్టూ ఏటవాలుగా అరగదీసింది. బయట నుంచి చెక్కకు ప్లాస్టిక్ కాగితం చుట్టి అడ్డం కట్టింది. నేత గుడ్డ ముక్క కత్తిరించి, ముందుగా గ్లాసులో ముంచి, కిటికీ వెలుగుకు ఎత్తి, "కుదిరింది" అనుకుంది. తర్వాత లోపలి వైపు నుంచి ఒక్కో పొర పరుస్తూ, మిగిలిన ఆ ఖరీదైన రెసిన్నే బ్రష్‌తో అద్దింది.

గుడ్డ మాయమైంది. అతను కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. పాలలా తెల్లగా ఉన్న నేత, బ్రష్ తగిలిన చోటల్లా నిశ్శబ్దంగా కరిగిపోయినట్టు కనపడకుండా పోతోంది. వేలితో తాకితే అక్కడే ఉంది. ఇన్నేళ్లూ తను నీళ్ల మీద నిశ్చింతగా తిరిగింది ఈ కనపడని గుడ్డల మీదేనా? అక్క పనిలోంచి తల ఎత్తలేదు.

మర్నాడు మాటు బాగా గట్టిపడ్డాక అడ్డుచెక్క విప్పింది. తమ్ముడు పడవలోకి దూరి ముందు బల్ల కింద పడుకున్నాడు. బయట ఎండ. రంగు వేయని ఆ మాటు వెలిగిపోతోంది. దాని మీద అక్క చేతి నీడ, అయిదు వేళ్లతో సహా, గరుకు కాగితం పట్టుకుని అటూ ఇటూ కదులుతోంది. పడవ గోడకు ప్రాణం వచ్చినట్టుంది.

"నిద్రపోయావా?" బయటి నుంచి అక్క గొంతు.

"రంగు వెయ్యొద్దక్కా."

"ఎండకు పాడవుతుంది. వెయ్యాలి. ముందు నీళ్లలో చూసి రా, తర్వాత వేద్దాం."

ఆ మరుసటి పొద్దున పడవను ఒంటరిగానే దించాడు. పిల్లలు సంచులు తగిలించుకుని మెట్ల మీద నిలబడ్డారు. అక్క వాళ్లకంటే రెండు మెట్లు పైన, నీళ్లకు దూరంగా. అతను తెడ్డు పక్కన పెట్టి ముందు బల్ల కిందికి వంగాడు. మాటు ఆకుపచ్చగా మెరుస్తోంది. దానికి అవతల, వేలెడు దూరం కూడా లేకుండా, నది మొత్తం ఆనుకుని నిలబడి ఉంది.

"అక్కా! నీళ్లు కనిపిస్తున్నాయి!"

"లోపలా, బయటా?"

అతను అరచేయి మాటుకు ఆనించాడు. చల్లగా ఉంది. చేయి తీసి చూసుకున్నాడు. పొడిగా ఉంది.

"బయట!"

"అయితే పిల్లల్ని ఎక్కించు. ఆలస్యమవుతోంది."