గోళీ తుడిచే దారి

స్ఫాక్స్ రేవు దగ్గర మొంజీ కాఫీ కొట్టు మధ్యలో ఒక ఇసుక బల్ల ఉంది. అద్దం కింద పలచగా పరిచిన ఇసుక, దాని మీద ఉక్కు గోళీ. అడుగున మోటారు అయస్కాంతాన్ని తిప్పుతుంటే, పైన గోళీ ఎవరూ తాకకుండానే దొర్లుతూ పూలూ తీగలూ గీస్తుంది. ఆ బొమ్మల్ని బల్ల చేసిన వడ్రంగే తెచ్చి ఎక్కిస్తాడు. ఒక బొమ్మ అయ్యాక, ఇంకోటి మొదలయ్యేలోగా గోళీ ఇసుకను ఏ దారిన తుడవాలో కంప్యూటర్లో గీసి నిర్ణయించేది మాత్రం ఫెత్హీ.

ఫెత్హీ రేవు కార్యాలయంలో పటాలు గీసి రిటైరయ్యాడు. పెళ్లి చేసుకోలేదు. గాబెస్‌లో ఉన్న చెల్లెలు ఆదివారాలు ఫోన్ చేస్తుంది. బల్ల రాకముందు ఇదే కొట్టులో ఏళ్ల తరబడి టీ తాగాడు, ఒక్కరూ పలకరించలేదు. బల్ల వచ్చాక నలుగురూ పేరు పెట్టి పిలుస్తున్నారు.

తుడవడం చూసినంత తేలిక కాదు. గోళీ ఎక్కడికెళ్లినా గాడి పడుతుంది. పాత గాడి పోవాలంటే, మధ్యలో గట్టు మిగలనంత దగ్గరగా కొత్త గాడులు వెయ్యాలి. గీతే లేని ఇసుక ఎప్పటికీ రాదు. ఫెత్హీ లోపలి గోడ వైపు మొదలుపెట్టి, వీధి గుమ్మం వైపుకు వరసగా అడ్డగీతలు వేయించాడు. మూలలతో సహా ఇసుక చదునైంది.

కొన్నాళ్లకు మొంజీ మొహం మాడ్చుకుని వచ్చాడు.

"ఫెత్హీ, ఏమనుకోకు. బల్ల తీసుకుపొమ్మని వడ్రంగికి చెప్పు."

"బొమ్మలు బాలేవా?"

"బొమ్మలు బంగారం. తుడవడం మొదలెట్టగానే జనం లేచిపోతున్నారు. సగం ఆట వదిలేసి మరీ!"

పేక కలుపుతున్న ముసలి హ్మైదా పకపకా నవ్వాడు. "లేవక ఏం చేస్తాం? శుక్రవారం నమాజుకు కొట్టు మూసేటప్పుడు మీ చీపురు కూడా గోడ దగ్గర్నుంచి గుమ్మందాకా ఇలాగే వస్తుంది కదరా! అది చూస్తే నా కాళ్లు వాటంతటవే లేస్తాయి."

ఆ చీపురు చూసి ఫెత్హీ కూడా అన్నేళ్లూ లేచినవాడే. చెయ్యి అలవాటుగా అదే దారి గీసింది.

"ఒక్క వారం ఆగు, మారుస్తాను," అన్నాడు. బల్ల పోతే తనతో మాట్లాడడానికి ఇక్కడ ఎవరికీ పని ఉండదని అతనికి తెలుసు.

అంచుల నుంచి చుట్టలు చుట్టుకుంటూ నడిమికి వచ్చేలా మార్చాడు.

"బావుంది! నీళ్లు తూములోకి పోతున్నట్టుంది," అన్నాడు హ్మైదా. "మమ్మల్నీ దాంట్లోనే దూకమంటావా?"

మర్నాడు ఫెత్హీ గోళీని వదిలి మనుషుల్ని చూస్తూ కూర్చున్నాడు. బాదం పప్పులు తేలే టీ గ్లాసుల మధ్య సర్వరు బషీర్ గుడ్డ తిప్పుతున్నాడు. చిన్న చిన్న సున్నాలుగా, గ్లాసు కదపకుండా, మాటకు అడ్డం రాకుండా. ఎవరూ లేవలేదు. ఒకాయన మోచెయ్యి కాస్త ఎత్తాడంతే.

గోళీ ఆ దారే పట్టింది. ఒకదాని మీదికి ఒకటి ఎక్కే చిన్న సున్నాలు, ఇక్కడో గుప్పెడు, అక్కడో గుప్పెడు. ఆటలు ఆగలేదు.

"ఎప్పుడు తుడిచిందయ్యా ఇది?" అన్నాడు మొంజీ. "ఉండనీ, బల్ల ఇక్కడే ఉండనీ." కాఫీ కాచడానికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత బల్ల గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఫిర్యాదు లేదు, వెక్కిరింత లేదు, ఫెత్హీకి పలకరింపూ లేదు. హ్మైదా పేకముక్కల్లోంచి తలెత్తలేదు. ఫెత్హీ టీ తెప్పించుకున్నాడు, తాగాడు, ఇంటికి వెళ్లాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. తన పని ఇంత బాగా కుదరడం జీవితంలో ఇదే మొదటిసారి.

ఆ ఆదివారం చెల్లెలి ఫోను అయ్యాక కంప్యూటరు ముందు కూర్చుని, దారిలోంచి కొన్ని సున్నాలు తీసేశాడు.

మర్నాడు కొట్టులోకి అడుగు పెట్టీ పెట్టగానే హ్మైదా కేక.

"ఓ ఇంజనీరూ! నీ గోళీకి కళ్లు మూసుకుపోయాయా? ఈ మూల పాత పువ్వు అలాగే ఉంది!"

"ఏదీ, ఎక్కడా?" అంటూ ఫెత్హీ కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చున్నాడు.