దేవరాజులు సారు బయల్దేరినాడు

ఆకస్మిక తనిఖీకి వస్తున్నానని ముందుగా ఫోన్ చేసి చెప్పకపోతే దేవరాజులు సారుకు పొద్దున కాఫీ గొంతు దిగదు. మనిషికి బీపీ ఉంది, షుగరుంది, మోకాళ్ళ నొప్పులున్నాయి. అవన్నీ మందులకు లొంగాయి. ఈ ఫోన్ జబ్బు మాత్రం దేనికీ లొంగలేదు.

ఆయనది ఆరోగ్య, సంక్షేమ సేవల ఇన్‌స్పెక్టరు ఉద్యోగం. మదనపల్లె నుంచి కుప్పం దాకా ఉన్న వృద్ధాశ్రమాలు, దివ్యాంగుల వసతి గృహాలు ఎలా నడుస్తున్నాయో చెప్పాపెట్టకుండా వెళ్ళి చూసిరావాలి. చెప్పాపెట్టకుండా అన్న ముక్క రూల్సు పుస్తకంలో లావుపాటి అక్షరాల్లో అచ్చేసి ఉంది. ఆ ఒక్క ముక్క వదిలేసి మిగతా పుస్తకమంతా సారు తు.చ. తప్పకుండా పాటిస్తాడు.

"హలో, మునెయ్యా! నేనప్పా, దేవరాజులు. ఆకస్మిక తనిఖీకి బయల్దేరతాండా. ఎవురికీ చెప్పొద్దు!"

మునెయ్య పుంగనూరు వృద్ధాశ్రమం మేనేజరు. సారు గొంతుకు అసలు ఫోనే దండగ. మదనపల్లెలో మిద్దె ఎక్కి ఒక కేక వేస్తే పుంగనూరులో మునెయ్య "ఆఁ సార్" అంటాడని ఆఫీసులో చెప్పుకుంటారు. ఎవరికీ చెప్పొద్దన్న ఆ మాట వీధి వీధంతా వినేది.

వస్తానని చెప్పి ఊరుకుంటాడా అంటే, అదీ లేదు.

"మధ్యాహ్నం ఆడే భోంచేస్తా. అన్నం మెత్తగా ఉండాలప్పా, నాకు పండ్లు కదలతాండాయి. ఉప్పు తక్కువెయ్యి, బీపీ. కోడిగుడ్డు ఒగటి, డాక్టరు తినమన్న్యాడు. మజ్జిగ చిక్కగా ఉండాల."

"అట్లనే సార్. మీకు వేరేగా వండిస్తా."

"వేరేగానా? అంతమంది మధ్యలో కూచ్చొని నేనొక్కణ్ణే గుడ్డు తింటే నాకు అరగతాదా? అందురికీ అదే పెట్టు. తిన్నంక ఒక కునుకు తీస్తా, దుప్పట్లు ఉతికించు."

"మీ మంచం మింద కొత్త దుప్పటే ఏపిస్తా సార్."

"ఏ మంచమో నాకే తెలీదప్పా. ఆ పొద్దుకు యాడ గాలొస్తే ఆడ పడుకుంటా."

దాంతో ఆశ్రమంలో ఉన్న మంచాలన్నిటికీ తలంట్లే. బాత్రూములో జారిపడతానని సారు ఒకసారి భయపడ్డాడు. ఆయన మోకాళ్ళ పుణ్యమా అని ఆ ఆశ్రమాలన్నిటి బాత్రూముల్లోనూ గోడలకు ఇనుప కమ్మీలు వెలిశాయి. తనిఖీకి వచ్చే ఆఫీసరా, అత్తారింటికి వచ్చే అల్లుడా అని ఆఫీసులో గుమాస్తాలు పగలబడి నవ్వేవాళ్ళు. ఆకస్మిక తనిఖీకి శుభలేఖలు ఎప్పుడు అచ్చేయిస్తున్నారు సార్ అని ముఖం మీదే అడిగేవాళ్ళు. సారు కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు.

ఆయనకు అసిస్టెంటుగా కొత్తగా చేరిన రేవతికి మాత్రం నవ్వు రాలేదు. మదనపల్లె పక్కనున్న అంగళ్లు ఊరి కాలేజీలో చదివి, పరీక్ష రాసి, దేశాన్ని బాగుచేద్దామని వచ్చిన పిల్ల. మొదటి రోజే సారు వెంట జీపులో పుంగనూరు వెళ్ళింది. మునెయ్య గేటు దగ్గర టవలు, సబ్బు పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపల అంతా అద్దంలా మెరిసిపోతోంది. అవ్వలు, తాతలు గుడ్లు తింటున్నారు. అంత హంగామా చేయించిన సారు తీరా కూర్చుని "కడుపులో గడబిడగా ఉండాదప్పా" అని గ్లాసుడు మజ్జిగ తాగి లేచాడు. ప్రతి మంచం మీదా కూర్చుని ఊగి చూశాడు. నిద్ర రావడం లేదని జీపెక్కేశాడు.

దారిలో రేవతి ఇక ఆపుకోలేకపోయింది.

"సార్, ముందే చెప్పి పోతే వాళ్ళు అన్నీ సర్దిపెట్టుకుంటారు కదా?"

"సర్దుకోనీమ్మా. సర్దుకుంటే తప్పా?"

"మరి నిజం మనకెట్లా తెలుస్తుంది సార్?"

"నిజం సంగతి తర్వాత. అప్పా గంగులయ్యా, జీపు ఆపు, ఆకలి సంపతాండాది. మా ఇంటామె సంగటి కట్టిచ్చింది. రామ్మా, నీకూ ఒక ముద్ద ఉండాది."

కడుపులో గడబిడ అన్న మనిషి రోడ్డు పక్కన కూర్చుని రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి లొట్టలేసుకుంటూ తిన్నాడు. ఇంత ఆకలి పెట్టుకుని అక్కడెందుకు తినలేదో రేవతికి అర్థం కాలేదు. ఆ రోజు నుంచి హాస్టల్లో ఉండే రేవతికి కూడా ఆ ఇంటి నుంచి డబ్బా రావడం మొదలైంది. అదే వచ్చిన చిక్కు. మనిషి మీద కోపం తెచ్చుకుందామంటే మధ్యాహ్నానికల్లా ఆ ముద్ద అడ్డం వచ్చేది.

ఇలా ఉండగా ఒక సాయంత్రం పై ఆఫీసు నుంచి పెద్ద మేడం రేవతికి ఫోన్ చేసింది.

"దేవరాజులు గారు తనిఖీకి ముందే ఫోన్ చేసి చెప్పేస్తారని అర్జీ వచ్చింది. నిజమేనా?"

"అంటే మేడం, అదీ..."

"సరే, నువ్వు చెప్పలేవులే. రేపు ఆయనకు తెలియకుండా పుంగనూరు, కుప్పం వెళ్ళి చూసిరా. చెప్పకుండా వెళ్ళిన రోజు అక్కడ అధ్వానంగా ఉందంటే, ఇన్నాళ్ళూ ఆయన వాళ్ళను కాపాడుతున్నట్టే. సస్పెండ్ చేస్తాను."

సారు రిటైర్మెంటుకు ఇంకా నాలుగు నెలలే ఉన్నాయి. ఇంత సర్వీసు చేసి, చివర్లో సస్పెండైన ముఖంతో ఇంటికి ఎలా వెళతాడు? ఆ రాత్రి రేవతికి అన్నం సయించలేదు. అలాగని అబద్ధం రాయడానికి మనసొప్పదు. పొద్దున్నే పన్ను నొప్పి అని సెలవు పెట్టి, పుంగనూరు బస్సెక్కింది. బస్సు ఊళ్ళోకి వస్తుండగా సారు నుంచి ఫోను.

"పన్ను నొప్పంట కదమ్మా? లవంగం నూరి పెట్టుకో. మా ఇంటామెతో పంపిచ్చేదా?"

"వద్దు సార్, హాస్టల్లోనే పడుకోనుండా..."

"పుంగనూరు బస్టాండు! దిగేవాళ్ళు బిన్నా దిగండి, బస్సు పోవాల!" అని కండక్టరు అప్పుడే నోరు తెరవాలా? రేవతి ఫోను కట్ చేసింది. అయిపోయింది, సారుకు తెలిసిపోయింది, ఈపాటికి మునెయ్యకు ఫోను వెళ్ళే ఉంటుంది అనుకుంది.

అనుకున్నట్టే ఆశ్రమం తళతళలాడుతోంది. దండెం నిండా ఉతికిన దుప్పట్లు. వంటింట్లో గుడ్లు ఉడుకుతున్నాయి. మునెయ్య పరుగెత్తుకుంటూ వచ్చి రేవతి వెనకాల వెతికాడు.

"సారు యాడమ్మా? బయల్దేరినా అని తెల్లారే ఫోన్ చేసినాడే!"

"తెల్లారా?" రేవతి నిలబడిపోయింది. బస్సులో ఫోను రాకముందే! "ఈరోజు మీకు ఫోన్ చేశారా?"

"ఈ పొద్దేంది తల్లీ, దినామూ చేస్తాడు!" మునెయ్యకు ఏడుపొక్కటే తక్కువ. "పొద్దున బయల్దేరినా అంటాడు. మధ్యాహ్నానికి జీపు పంచరైంది, రాత్రి భోజనానికి వస్తా అంటాడు. రాత్రికి ఇంటికి సుట్టాలొచ్చినారు, తెల్లారి ఇడ్లీకి వస్తా అంటాడు. మూడు పూటలా వండిపెట్టుకొని వాకిలి పక్క సూస్తా కూచ్చోవాల. వచ్చేది యాడ? ఏ నెలకో ఒగసారి!"

"రారని తెలుసు కదా, వండకుండా ఉండొచ్చుగా?"

"అనుకున్యా. ఒగ దినం ధైర్నం చేసి నీళ్ళచారు కాపిచ్చినా. ఆ పొద్దే దిగినాడు మహానుభావుడు! నోటీసు సేతిలో పెట్టి మరీ పోయినాడు." మునెయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అమ్మా, నేను రాసిన అర్జీ మీకు ముట్టిందా?"

"అర్జీ రాసింది మీరా!"

"నేనేమా. ఏడాదికి ఒగసారి చెప్పకుండా వస్తే పట్టుబడతాము, పోనీ, అది అన్ని చోట్లా ఉండేదే. ఇట్ల దినామూ పట్టుబడకుండా ఉండాలంటే మనిషితో అయ్యే పనేనా? సూడు, మా ముసిలోళ్ళందురూ ఒళ్ళు చేసినారు. ఒక్కరికీ పాత సొక్కా పట్టల్యా!"

రేవతికి నవ్వాలో వద్దో తెలియలేదు. అలాగే పలమనేరు మీదుగా కుప్పం బస్సెక్కింది. కుప్పంలో ఆశ్రమం చూసే సిద్ధమ్మ వాకిట్లోనే ఎదురైంది. చేతిలో టవలు, సబ్బు.

"ఏమ్మా, నువ్వు ముందే వచ్చేసినావా? సారు పలమనేరు పక్కకు వస్తాండానని ఇప్పుడే చెప్పినాడు. నడిమంచం ఖాళీ పెట్టమన్న్యాడు."

పుంగనూరుకూ బయల్దేరిన సారే, కుప్పానికీ బయల్దేరిన సారే. ఉన్నది ఒక్క సారు, ఒక్క జీపు. ఆ రెండూ మదనపల్లె దాటలేదని రేవతికి అప్పుడు అనుమానం వచ్చింది.

లోపల అందరూ భోజనాలకు కూర్చున్నారు. మెత్తటి అన్నం, గట్టి పప్పు, గుడ్డు, మజ్జిగ. గోడవారగా కూర్చున్న మునిలక్ష్మమ్మ అనే అవ్వ రేవతి చెయ్యి పట్టి కిందకు లాగింది.

"ఆ సారు రాడులేమ్మా. సిద్ధమ్మకు చెప్పబాకు."

"మీకెలా తెలుసవ్వా?"

"నా వల్లనే కదా ఇదంతా. ఒగ తూరి వచ్చినప్పుడు నేనే అడిగినా. నువ్వొచ్చిన దినం బాగ పెడతారు నాయినా, నువ్వు జీపెక్కితే మళ్ళా నీళ్ళే, ఏం చేసేది అని. ఆయప్ప, అట్లయితే దినామూ వస్తాలే అవ్వా అన్న్యాడు. ఇన్ని ఊర్లుండాయే, ఎట్లొస్తావు అంటే, వచ్చేదెందుకవ్వా, వస్తాండానంటే సాలదా అన్న్యాడు." అవ్వ బోసినోటితో నవ్వింది. "వచ్చినా మా వంతు గుడ్డు ముట్టడమ్మా, పిచ్చి నాయిన. మజ్జిగ తాగి పోతాడు."

రేవతి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నాళ్ళూ ఈ మనిషినా నేను తిండిపోతనుకున్నది అని తనను తానే తిట్టుకుంది.

అప్పుడే సిద్ధమ్మ ఫోను మోగింది. స్పీకరు పెట్టనవసరం లేకుండానే హాలంతా దద్దరిల్లింది.

"సిద్ధమ్మా! గంగవరం కాడికొచ్చినా! పప్పు గట్టిగా పెట్టినావా?"

ఆ గొంతు వెనకాల ఇంకో గొంతు అంతకంటే జోరుగా వినిపించింది. "బాక్సు ఆరునూర్లు! ఆరునూట యాబై! ఏడునూర్లు ఎవురప్పా!"

సిద్ధమ్మ ముఖం చిట్లించింది. "ఏంసార్ ఆ అరుపులు? మదనపల్లె టమోటా మార్కెట్టు మాదిరి ఉండాదే?"

పుట్టి బుద్ధెరిగాక దేవరాజులు సారు గొంతు పెగలకపోవడం అదే మొదటిసారి. హాల్లో అందరి చేతులూ కంచాల్లోనే ఆగిపోయాయి. మునిలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇప్పుడు దొరికిపోతే రేపటి నుంచి మళ్ళీ నీళ్ళచారే. రేవతి ఒక్క ఉదుటున లేచింది.

"అది గంగవరమే అక్కా! నేను బస్సులో వస్తా సూసినా. టమోటా లారీ ఒగటి రోడ్డు మధ్యలో ఆగిపోయింది. సరుకు సెడిపోతాదని ఆడనే నిలబెట్టి వేలం పాడతాండారు. సారు జీపు దాని ఎనకాల ఇరుక్కోనుండాది."

"అయ్యో పాపం! ఎండలో ఎంతసేపని ఉంటాడు?" సిద్ధమ్మ నొచ్చుకుంది. "మరి రాత్రికన్నా వస్తాడా?"

"వస్తాడక్కా. మెత్తగా ఇడ్లీలు పెట్టండి."

ఫోనులో సారు గొంతు ఈసారి చాలా చిన్నగా వచ్చింది. "ఎవురది, రేవతమ్మేనా?"

"నేనే సార్."

వెనకాల వేలం పాట ఎనిమిదినూర్లు దాటింది.

"నువ్వుండావు కదా, ఉప్పు సూసి చెప్పమ్మా. ముసిలోళ్ళకు జాస్తి కాకూడదు" అని సారు ఫోను పెట్టేశాడు. కంచాల్లో చేతులు మళ్ళీ కదిలాయి. రేవతి మునిలక్ష్మమ్మ పక్కనే కూర్చుని మజ్జిగ మాత్రం తాగింది.

తిరుగు బస్సులో ఉండగానే పెద్ద మేడం ఫోన్ చేసింది.

"ఏం తేలింది? ఆయన ముందే చెప్తారా, లేదా?"

"చెప్తారు మేడం."

"అంటే అర్జీ నిజమేనన్నమాట."

"నిజమే మేడం. కానీ చెప్తారే గానీ వెళ్ళరు." రేవతి జరిగిందంతా చెప్పింది, మునెయ్య ఏడుపు, అవ్వ మాట, గట్టి పప్పు, ఆఖరికి తానాడిన అబద్ధంతో సహా. "చెప్పి వెళ్ళకూడదని రూలుంది మేడం. అలా వెళ్ళింది నెలకొకసారే, దానికి మీరేమన్నా అనండి. మిగతా రోజులన్నీ ఆయన చెప్పి, వెళ్ళలేదు. చెప్పి, వెళ్ళకపోతే తప్పని రూలు నేను చదివిన పుస్తకంలో ఎక్కడా లేదు."

రేవతి తన ఉద్యోగం కూడా పోయిందనే అనుకుంది.

"రేవతీ, పెన్ను ఉందా?" అంది మేడం. గొంతులో నవ్వు ఆపుకుంటున్నట్టుంది. "మా ఊరి దగ్గర పిల్లల హాస్టలొకటి ఉంది. పప్పులో పప్పు వెతుక్కోవాల్సి వస్తోందట. వార్డెను నంబరు చెప్తాను, రాసుకో. రేపు పొద్దున్నుంచి దేవరాజులు గారిని అక్కడికి కూడా బయల్దేరమను."