వెల్డా అరవై లెక్కపెట్టని రోజు

మే నెల వచ్చిందంటే వెల్డా క్రాఫర్డ్ కాలు ఇంట్లో నిలవదు. ముప్పై ఏళ్లు బడి బస్సు నడిపి, ఇక హాయిగా కూర్చోవలసిన మనిషి, మధ్యాహ్నం అయ్యేసరికి ఫ్లాస్కులో కాఫీ పోసుకుని పాత పికప్ ట్రక్కులో మబ్బుల వెంట పడుతుంది. ఓక్లహామాలో ఈ పిచ్చి అందరికీ ఉన్నదే. ఆమెకు కాస్త ముదిరింది, అంతే. కాల్డర్ ఊరి చుట్టుపక్కల ఏ వంటింట్లో చూసినా ఒక చిన్న రేడియో ఆమె గొంతు కోసం గురగురలాడుతూ ఉంటుంది. వాతావరణ ఆఫీసు వాళ్ల రాడార్‌కు మబ్బు పైభాగమే కనబడుతుంది. నేల దగ్గర ఏం జరుగుతోందో ఎవరో ఒకరు కళ్లతో చూసి చెప్పాలి కదా! ఆ చెప్పేది వెల్డా.

ఆమెకొక నియమం ఉంది. మబ్బు కింద తోకలాంటిది వేలాడితే, నోరు మెదపకుండా అరవై లెక్కపెడుతుంది. అది సుడిగాలై గిర్రున తిరిగితేనే రేడియో అందుకుంటుంది. ఈ బుద్ధి ఊరికే రాలేదు. నాలుగేళ్ల కిందట ఒక చిరుగు మబ్బును చూసి, కంగారులో "టోర్నడో!" అని అరిచేసింది. సైరన్ మోగింది. ఆర్లిన్ టాకెట్ అనే పెద్దాయన, కీళ్లవాతంతో నడవలేని భార్య ఫర్న్‌ను చేతుల మీద ఎత్తుకుని నేలమాళిగ మెట్లు దిగుతూ జారాడు. ఫర్న్ మడమ విరిగింది. మబ్బేమో చల్లగా విచ్చిపోయింది.

"నీ మాట విని మా ఆవిణ్ణి మళ్లీ ఆ మెట్లు దింపితే నా పేరు ఆర్లిన్ కాదు," అని ఆసుపత్రిలోనే అనేశాడాయన. ఆ తర్వాత హోటల్లో ఎదురుపడినప్పుడల్లా దెప్పడమే.

"ఏమ్మాయ్, ఇవాళ చొక్కాలు ఆరేసుకోమంటావా, దాక్కోమంటావా? నేను మాత్రం వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటా. నీ టోర్నడోను కాఫీకి రమ్మను!"

"చొక్కాలు ఆరేసుకోండి టాకెట్ గారూ, గాలి మళ్లిందంటే మాత్రం నా మాట వినండి," అని అందరితో పాటు నవ్వేది వెల్డా. ఇంటికెళ్లి ఏడ్చేది. ఒక్కసారి నోరు జారినందుకు ఇన్నేళ్ల శిక్షా అని పక్క బల్ల దగ్గర వినే నాకైతే ఒళ్లు మండేది గానీ, ఆమె ఎన్నడూ ఎదురు మాట్లాడలేదు. ఆయన భయం ఆమెకు తెలుసు. టోర్నడో నిజంగా వచ్చిన రోజున కూడా ఆ ముసలాయన మొండికేసి కూర్చుంటే, ఫర్న్ గతేమిటన్నదే ఆమె బెంగ.

ఆ రోజు రానే వచ్చింది. గురువారం, సాయంత్రం నాలుగున్నర. వెల్డా ఎప్పటిలాగే మబ్బుకు ఆగ్నేయంగా, ట్రక్కు ముక్కు పారిపోయే రోడ్డు వైపు తిప్పి నిలబడింది. ఎదురుగా గోడ కట్టినట్టు వాన. తోకా లేదు, ఏమీ లేదు.

"ఇక్కడ ఉత్త వానే," అన్నాడు రేడియోలో, ఉత్తరం వైపు నిలబడి చూస్తున్న మరో మనిషి.

కానీ ఉత్త వానైతే చల్లగాలి ఎదురు కొట్టాలి; ఇక్కడ వెనక నుంచి వేడిగాలి ఆమెను ఆ వానలోకి నెడుతోంది. రోడ్డు మీది ఎర్రదుమ్ము అటే పరుగెడుతోంది. ఇంతలో వాన వెనక, నేలకు ఆనుకుని, ఆకుపచ్చగా ఒక మెరుపు. వెంటనే ఇంకొకటి. అవి ఆకాశంలో మెరుపులు కావు, కరెంటు స్తంభాలు విరుగుతున్నాయి. ఆరో మైలు రోడ్డు వెంట, వరసగా టాకెట్ వాళ్ల ఇంటి వైపే విరుగుతున్నాయి.

అలవాటు కొద్దీ లెక్క మొదలెట్టింది. ఒకటి, రెండు, మూడు... ఏడు దగ్గర ఆపేసింది. అరవై అయ్యేదాకా ఆ ఇల్లు ఆగుతుందా?

"వానలో దాక్కుని ఉంది. నాకు కనబడటం లేదు, అయినా ఉంది! ఆరో మైలు రోడ్డు వాళ్లంతా కిందికి దిగండి. టాకెట్ గారూ, మీ కాళ్లు పట్టుకుంటా, ఈ ఒక్కసారికి దిగండి. తప్పయితే ఇక జన్మలో ఈ రేడియో ముట్టను."

దిగారో లేదో తెలిసే దారి లేదు. వంటింటి రేడియోలు వినగలవే గానీ మాట్లాడలేవు.

హోరు దాటిపోగానే ఆమె ట్రక్కు తీసింది. టాకెట్ వాళ్లిల్లు లేదు. నేల మిగిలింది, దాని మీద ఒక స్నానాల తొట్టి మిగిలింది. వరండా ఉన్నచోట వరండా లేదు. వెల్డా వెనక్కి పరుగెత్తింది. పెరట్లో నేలమాళిగ తలుపు మీద పడ్డ పలకలను, వేళ్లు చీరుకుపోతున్నా, ఒక్కొక్కటే లాగిపారేసింది.

"టాకెట్ గారూ! ఫర్న్!"

"మెల్లిగా అమ్మాయ్," అన్నది కింది నుంచి ఒక గొంతు. "ఆ తలుపుకు రంగేసి వారం కాలేదు."

తలుపెత్తి చూసింది. మెట్ల సగం వెడల్పు మీద చెక్క వేసి వాలు కట్టి ఉంది. గోడకు పట్టుకోవడానికి ఇనప కమ్మీ. కింద చక్రాల కుర్చీలో ఫర్న్, కాళ్ల మీద దుప్పటి, ఒళ్లో సగం అల్లిన మేజోడు. పక్కన రేడియో, పేకముక్కలు, అడుగు అరిగిన కాఫీ గిన్నె. ఇవాళ్టికివాళ అమర్చినవి కావవి.

"నువ్వు నోరు తెరవడమే ఆలస్యం, నాలుగేళ్లుగా నన్ను ఇలాగే దొర్లించుకొస్తున్నాడు," అంది ఫర్న్. "నీకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు."

"చెబితే నెత్తికెక్కుతావని," గొణిగాడు ఆర్లిన్.

"ఎన్నిసార్లు దిగారు?"

"ఇవాళ్టికి ముందు పదకొండు. పదకొండుసార్లూ పైకొచ్చి చూస్తే ఇల్లు ఇల్లులాగే ఉంది. అది మాత్రం తక్కువా?"

వెల్డా మెట్టు మీద కూలబడి భోరుమంది. హోటల్లో పడ్డ ప్రతి మాటకూ, ఆయన మొండితనానికీ, ఆ చెక్క వాలుకూ ఒక్కసారే దండం పెట్టాలనిపించింది. "ఇవాళ ఇల్లు లేదు టాకెట్ గారూ," అంది ఎలాగో.

ఆయన పైకొచ్చి నాలుగు వైపులా చూశాడు. తర్వాత కిందికి వంగి చూసి, "ఫర్న్ ఉందిగా," అన్నాడు.

తూర్పున మబ్బు ఇంకా ఉరుముతూ పక్క ఊరి మీదికి పోతోంది. రక్తం కారుతున్న వెల్డా చేతికి ఆర్లిన్ తన రుమాలు చుట్టి, ట్రక్కు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"ఇంకా ఏడుస్తూ కూర్చుంటావేం? అక్కడ వాళ్లు నీ గొంతు కోసం చూస్తుంటారు. పో తల్లీ."